ఇంటి వర్క్‌షాపుకు వెల్డింగ్ బల్ల: మందపాటి ప్లేటా, రంధ్రాల బల్లా, పట్టీల బల్లా?

నలభై మిల్లీమీటర్ల స్క్వేర్ పైపును 45 డిగ్రీలకు కోసి ఒక తలుపు చట్రం చేస్తున్నామనుకుందాం. మూలమట్టం పెట్టి నాలుగు మూలలా టాక్ (ముక్కలు కదలకుండా పెట్టే చిన్న చుక్క వెల్డ్) వేసేదాకా అంతా సవ్యంగానే ఉంటుంది. పూర్తి వెల్డ్ పడి చల్లారేటప్పుడు మాత్రం కరిగిన లోహం కుంచించుకుపోయి పైపును తనవైపు లాక్కుంటుంది. ఆ లాగుడుకు లొంగకుండా పనిని అదిమిపట్టి ఉంచడం, అదిమిపట్టిన ఉపరితలం నిజంగా సమతలంగా ఉండడం అనే ఈ రెండే వెల్డింగ్ బల్ల నుంచి మనం కోరవలసినవి. నా మొదటి బల్ల 6 మిల్లీమీటర్ల ప్లేటు. దాని మీద చేసిన ఒక చట్రంలో నాలుగో మూల 4 మిల్లీమీటర్లు లేచింది. తప్పు పైపు కోతలో ఉందని చాలాసేపు వెతికాక, బల్ల మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని అంచు గల లోహపు పట్టీ) పెట్టి చూస్తే బల్లే మెలి తిరిగి ఉందని తెలిసింది. కాళ్ల ఫ్రేమును ప్లేటుకు పొడవునా వెల్డ్ చేసేయడమే దానికి కారణం.

రంధ్రాలు లేని సాదా ప్లేటు బల్లలో ముందుగా చూడవలసింది మందం. ప్లేటు బిగువు మందపు ఘనం (మూడో ఘాతం) లెక్కన పెరుగుతుంది కాబట్టి, 6 నుంచి 12 మిల్లీమీటర్లకు వెళ్తే బరువు రెట్టింపే అయినా వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 1200×800 మిల్లీమీటర్ల కొలత గల పైపలక 6 మిల్లీమీటర్లలో సుమారు 45 కిలోలు, 12 మిల్లీమీటర్లలో సుమారు 90 కిలోలు తూగుతుంది. సుత్తితో కొట్టడానికి, వంచడానికి, గ్రైండింగుకు ఇంతకంటే నమ్మకమైన బల్ల లేదు. అవసరమైన చోట ఒక యాంగిల్ (L ఆకారపు ఇనుప) ముక్కను ఆపుగా నేరుగా ప్లేటుకే టాక్ చేసి, పని అయ్యాక గ్రైండర్‌తో తీసేయవచ్చు. దీని లోటు పట్టు దగ్గర బయటపడుతుంది. క్లాంపు (పనిని బల్లకు అదిమే బిగింపు) అంచు నుంచి తన నోరు అందినంత దూరమే పట్టగలదు, బల్ల నడుమ ఉన్న పనికి ఆధారం దొరకదు. అందువల్ల సాదా బల్ల చేయించుకునేవారు ఫ్రేమును లోపలికి జరిపి, చుట్టూ కనీసం 75 మిల్లీమీటర్ల ప్లేటు బయటికి ఉండేలా చూసుకోవాలి.

రంధ్రాల బల్ల ఆ లోటునే తీరుస్తుంది. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: 50 మిల్లీమీటర్ల దూరాన 16 మిల్లీమీటర్ల రంధ్రాలున్నవి, 100 మిల్లీమీటర్ల దూరాన 28 మిల్లీమీటర్ల రంధ్రాలున్నవి. రెండోది భారీ ఫ్యాక్టరీ పనులకు తగినది, ఇంటి పనికి 16 చాలు. ఏ రంధ్రంలోనైనా క్లాంపు దించి బిగించవచ్చన్నది ఒక సౌకర్యం మాత్రమే. అసలు విలువ రంధ్రాల్లో దించే గుండ్రటి పిన్నులలో ఉంది. ఒక వరుసలో రెండు పిన్నులు, దానికి అడ్డంగా ఉన్న వరుసలో మరో రెండు పెట్టి పైపులను వాటికి ఆనిస్తే మూల మట్టానికి వచ్చేస్తుంది. ఒకే కొలతతో పది చట్రాలు చేయవలసినప్పుడు మొదటిదానికి అమర్చిన పిన్నులే మిగిలిన తొమ్మిదింటికీ కొలబద్దవుతాయి.

అయితే ఈ లాభమంతా రంధ్రం కొలత మీద ఆధారపడి ఉంటుంది. రంధ్రం 16.5, పిన్ను 16 ఉంటే పిన్ను ఇటూ అటూ 0.25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. 100 మిల్లీమీటర్ల ఎడంతో పెట్టిన రెండు పిన్నులు ఎదురెదురు దిశల్లో జరిగితే, వాటికి ఆనించిన పైపు మీటరు దూరం వెళ్లేసరికి 5 మిల్లీమీటర్లు తప్పుతుంది. అవే పిన్నులను 500 మిల్లీమీటర్ల ఎడంతో పెడితే తేడా 1 మిల్లీమీటరుకు తగ్గుతుంది. ప్లాస్మా (లోహాన్ని కరిగించి కోసే అతివేడి వాయుధార)తో కోసిన రంధ్రాలు పైన ఒక కొలత, కింద ఒక కొలతగా ఏటవాలుగా రావచ్చు కనుక, కొనే ముందు ఒక పిన్నును నాలుగైదు చోట్ల దించి చూడటం తప్పనిసరి. ఆ తరువాతి జాగ్రత్త నిప్పురవ్వల గురించి. రంధ్రం లోపల ఒక్క స్పాటర్ (వెల్డ్ నుంచి చిందే కరిగిన లోహం) గింజ అతుక్కున్నా పిన్ను దిగదు, కాబట్టి యాంటీ స్పాటర్ పూత, గుండ్రటి ఆకురాయి ఎప్పుడూ చేతికందేలా ఉండాలి.

సాదా ప్లేటు కొని మనమే రంధ్రాలు వేసుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 1200×800 పలకలో 50 మిల్లీమీటర్ల దూరాన వేస్తే 345 రంధ్రాలవుతాయి. 12 మిల్లీమీటర్ల ఉక్కులో వాటన్నిటినీ చేతి డ్రిల్లుతో ఒకే గీతపై వేయడం జరిగే పని కాదు. అంచుల వెంట ఒకటి రెండు వరుసలు క్లాంపుల కోసం వేసుకోవచ్చు గానీ, వాటిని మూలమట్టంగా నమ్మకూడదు.

పట్టీల బల్లలో మందపాటి ఫ్లాట్ బార్లను సందులు వదిలి వరుసగా బిగిస్తారు. ఖర్చు తక్కువ, సందు వెంట ఎక్కడైనా క్లాంపు దించవచ్చు, పాడైన పట్టీని ఒక్కదాన్నే మార్చవచ్చు. పట్టీలన్నీ ఒకే ఎత్తుకు తేవడం ఓపికతో కూడిన పని, చిన్న ముక్కలకు కింద ఆధారం ఉండదు. పోత ఇనుప బల్లలకు స్పాటర్ అంతగా అతుక్కోదు, కానీ వాటి బరువు, సుత్తి దెబ్బకు పెళుసుదనం ఇంటి వర్క్‌షాపుకు నప్పవు.

నా అభిప్రాయం ఇది. మరమ్మతులు, ఒక్కొక్కటే చేసే పనులు ఎక్కువైతే 12 మిల్లీమీటర్ల సాదా ప్లేటే మేలు. చట్రాలు, ఒకే నమూనాలో పదే పదే చేసేవి ఎక్కువైతే రంధ్రాల బల్ల మేలు. డబ్బు పరిమితమైనప్పుడు పెద్ద పలుచని రంధ్రాల బల్లకంటే చిన్న దిట్టమైనదాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే పొడవైన పనికి పక్కన ఎత్తు సరిచేసుకోగల స్టాండు పెట్టుకోవచ్చు గానీ మెలి తిరిగిన పలకను సరిచేయడం చాలా కష్టం. ఏది తీసుకున్నా పైపలకను ఫ్రేముకు బోల్టులతోనే బిగించాలి, కాళ్లకు మర తిప్పి ఎత్తు సరిచేసుకునే పాదాలు ఉండాలి. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ప్లేటు మాత్రం వద్దు, వేడికి లేచే జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ క్లాంపు తగిలే చోట నల్లటి పొరను గ్రైండ్ చేసి మెరిసే లోహం కనిపించేలా చేస్తే ఆర్క్ నిలకడగా వస్తుంది.

బల్లను దాని స్థానంలో నిలిపాక ఎదురెదురు మూలల మధ్య రెండు సన్నని దారాలను బిగుతుగా లాగి కట్టండి. దారాలు నడుమ ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉంటే మెలి లేదు. పైదారం ఎడంగా ఉన్నా, కిందిదారాన్ని నొక్కుతున్నా ఒక మూల పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేసి, దారాలను పైకీ కిందికీ మార్చి కట్టి మరోసారి చూడండి. మొదటి చట్రం ఆ తరువాతే మొదలుపెట్టండి.