తల లేని గిటారు: ఎండలో శ్రుతి నిలిచింది, స్క్రూ నిలవలేదు

మే నెలలో నల్లగొండ చుట్టుపక్కల పెళ్లి పందిళ్లలో వాయించేవారికి శ్రుతి తప్పడం ఎంత నరకమో చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం సరిచేసిన గిటారు రాత్రి దీపాల కింద మొదటి పాటకే దిగిపోతుంది. తల (మెడ చివర శ్రుతి మరలు ఉండే భాగం) లేని గిటారుకు మారాక నాకు ఆ బాధ దాదాపు తీరింది. దాని మీద నా ప్రేమంతా ఇందుకే.

మామూలు గిటారులో తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దాటి వెళ్లి తలలోని ట్యూనర్లకు, అంటే శ్రుతి మరలకు, చుట్టుకుంటుంది. ఆ చుట్టలు సర్దుకున్నా, నట్ గాడిలో తీగ పట్టేసి వదిలినా స్వరం కదులుతుంది. ఇందులో చుట్టలే లేవు. తీగను నట్ దగ్గరే స్క్రూతో బిగిస్తారు, శ్రుతి సవరించే మరలు బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే భాగం) వెనక ఉంటాయి. రెండు వేళ్లతో కొద్దిగా తిప్పితే చాలు, స్వరం ఒక్క కుదుపు లేకుండా ఎక్కుతుంది.

వేడికీ ఎలక్ట్రిక్ గిటారుకూ వైరం మొదటినుంచీ ఉంది. 1930ల తొలినాళ్లలో వచ్చిన రికెన్‌బాకర్ 'ఫ్రయింగ్ పాన్' పోత అల్యూమినియంతో చేసినది. వేదిక దీపాల వేడికి ఆ లోహం సాగి శ్రుతి తప్పేది. 1935లో అదే కంపెనీ బేకలైట్ అనే తొలినాటి ప్లాస్టిక్‌తో మరో మోడల్ తెచ్చింది. తల తీసేసిన డిజైన్‌కు పేరు తెచ్చిన నెడ్ స్టైన్‌బెర్గర్ మాత్రం ఫర్నిచర్ రంగం నుంచి వచ్చినవాడు. బేస్ గిటారులో తల బరువుకు మెడ కిందికి వాలిపోవడం ఆయనను వేధించిన సమస్య. తల తీసేసి, ట్యూనర్లను కిందికి దించి, ఒంటిని చిన్న పెట్టెలా కుదించి కార్బన్ ఫైబర్‌తో చేశాడు. 1958లో గిబ్సన్ తెచ్చిన 'ఫ్లయింగ్ వీ' చూపులకు ఇంతకంటే వింతగా ఉంటుంది, కానీ తల, ట్యూనర్లు పాత చోటే ఉన్నాయి. నాకు స్టైన్‌బెర్గర్ ఆలోచనే గొప్పగా అనిపిస్తుంది.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. మిర్యాలగూడలో ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో మొదటి తీగ ఒక్కసారిగా వదులైపోయింది. తెగలేదు, బిగింపులోంచి జారింది. ఆరు పలకల అలెన్ కీ పెడితే స్క్రూ గుంత లోపల గుండ్రంగా అరిగిపోయి ఉంది, కీ ఊరికే తిరుగుతోంది. మామూలు గిటారైతే కొత్త తీగ చుట్టి ముందుకు సాగేవాణ్ణి. ఇక్కడ ఆ చిన్న స్క్రూ పోతే తీగకు ఆధారమే లేదు. మిగతా అయిదు తీగలతోనే కార్యక్రమం పూర్తిచేశాను. అమ్మినవారిని అడిగితే స్క్రూ విడిగా రాదు, మొత్తం బిగింపు భాగమే కొనాలన్నారు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి నల్లగొండలో ఒక లేత్ మిషన్ ఆయన కాపాడారు. "తల ఏది, అన్నా, దీనికి?" అంటూనే పాత స్క్రూను డ్రిల్‌తో తొలిచి, ట్యాప్‌తో కొత్త మర కోసి, ఒక సైజు పెద్దది బిగించారు. స్క్రూ కొన తీగను కోయకుండా కింద గోరంత ఇత్తడి ముక్క పెట్టారు. అది కంపెనీ పెట్టాల్సిన ముక్క. ఆ తీగ మళ్లీ జారలేదు.

శ్రుతి గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఏసీ హాలులోంచి బరాత్‌కు బయటికి వస్తే తీగలు కొద్దిగా దిగుతాయి. అయితే ఆరూ దాదాపు కలిసే దిగుతాయి కాబట్టి క్షణాల్లో సరిచేసుకోవచ్చు.

నేను నిలబడి వాయిస్తాను, దేవరకొండ వైపు కార్యక్రమాలకు బస్సులో వెళ్తాను. ఇది సీట్ల పైనున్న సామాన్ల అరలో హాయిగా పడుతుంది. నాకు సరిపోయింది. కూర్చుని వాయించేవారు మాత్రం కొనేముందు ఒక పూట ఒళ్లో పెట్టుకుని చూడండి, గిటారు ఒళ్లు చిన్నది కావడంతో తొడ మీద నిలవదు. మామూలు తీగలు పడతాయా, రెండు కొసలా గుండు ఉన్నవే కావాలా అన్నది కూడా ముందే అడగండి. ఆ రెండో రకం మన దగ్గర దొరకడం కష్టం. స్క్రూలు విడిగా ఇవ్వబోమంటే ఇంకో దుకాణం చూసుకోండి.