గడ్డి కోసం తిరుపతి ప్రయాణం

గడ్డి ఫొటోల కోసం తిరుపతి వెళ్లాలనుకుంటే ఆగస్టులో తొందరపడకండి. తెలంగాణలో అప్పటికే చేలగట్లు పచ్చబడినా, ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గడ్డి వెన్ను (గింజల కంకి) తీసి, ఎండి, రంగు తిరిగేసరికి డిసెంబరు చివరికి వస్తాం. మేము సంక్రాంతికి ముందు వెళ్లాం. వైకుంఠ ఏకాదశి ఆ చుట్టుపక్కలే వస్తుంది కాబట్టి ముందు క్యాలెండరు చూసి, ఆ తరువాతే గది మాట్లాడుకోవాలి.

బస్టాండు దగ్గరి శ్రీనివాసం, రైల్వేస్టేషను ఎదుటి విష్ణునివాసం దర్శనానికి వచ్చేవాళ్లకు అనువైనవి. మా పని తెల్లవారుజామున మొదలవుతుంది కాబట్టి చంద్రగిరి దారిలో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది. అయిదింటికి వస్తుందన్న వేడినీళ్లు ఏడింటికి వచ్చాయి, అప్పటికి మేము గుట్ట మీద ఉన్నాం.

ఆ చంద్రగిరి కోట గుట్టే ఈ ప్రయాణంలో అసలు లాభం. కోటలో రాజమహల్ తెరిచే వేళకు వెలుతురు గట్టిపడుతుంది. శుక్రవారమైతే అందులోని మ్యూజియం తెరవనే తెరవరు. గడ్డి కోసం లోపలికి వెళ్లనక్కరలేదు. బయటి గోడల వెంట, బండల సందుల్లో మోకాలెత్తు బోదగడ్డి కుదుళ్లు, వాటి మధ్య బట్టలకు గుచ్చుకునే నల్లముళ్ల గడ్డి. ఆ ముళ్లు ఎండకు మెలితిరుగుతాయి, తడి తగిలితే విప్పుకుంటాయి. అలా తిరుగుతూ గింజను నేలలోకి దింపుతాయి. ఒక వెన్ను మీద నీళ్లు చిలకరించి చూడండి, కాసేపట్లో కదలిక మొదలవుతుంది. ఇది వీడియోకే తగిన విషయం. ఫొటోకైతే సూర్యుడికి ఎదురుగా కూర్చోవాలి. వెనక నీడలో ఉన్న కోటగోడ ఉంటే, ముందున్న వెన్నులు ఒక్కొక్కటీ వెలిగించినట్టు కనిపిస్తాయి. ఎనిమిదిన్నర దాటాక అదే గడ్డి ఉత్త ఎండుగడ్డి.

తలకోనకు అందరూ వెళ్లమంటారు. వెళ్లండి, కానీ గడ్డి కోసం కాదు. సుమారు 270 అడుగుల జలపాతం, చెట్ల మీదికి పాకిన గిల్లతీగ, చెట్ల నడుమ తాళ్ల వంతెన బాగానే ఉన్నాయి. చెట్ల నీడ దట్టం కావడంతో కింద గడ్డి పలచన. బస్సులు తక్కువ, కోతులు ఎక్కువ. కారు మాట్లాడుకుని పొద్దునే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొస్తే సరిపోతుంది. రాత్రి అక్కడ ఉండాల్సినంత పని మాకు కనిపించలేదు.

శ్రీవారిమెట్టు 2,388 మెట్లు. దారి పక్క గడ్డిని తీరిగ్గా చూస్తూ ఎక్కితే ఆయాసం కూడా తక్కువ. శేషాచలం రక్షిత అడవి, అక్కడ మొక్క పీకకూడదు, గింజ కూడా కోయకూడదు. కొండమీద బ్రహ్మోత్సవాల ధ్వజారోహణానికి దర్భతో నేసిన చాప, పేనిన తాడు వాడతారు. గడ్డికి అంత మర్యాద ఇచ్చే ఊళ్లో, ఇంట్లో పెంచుకోవడానికి నర్సరీలో నాటు గడ్డి అడిగితే ఎర్ర ఫౌంటెన్ గడ్డి చేతిలో పెట్టారు. అది ఆఫ్రికాది. తెలిసినవాళ్ల పొలం నుంచి వట్టివేరు గడ్డి పిలకలు తెచ్చుకోవడమే నయం.

నాటేటప్పుడు ఆకులను జానెడు ఉంచి కత్తిరించాలి. వేరు నిలువుగా లోతుకు దిగుతుంది కాబట్టి కుండీ వద్దు, పాత డ్రమ్ము కావాలి. వానాకాలం మొదట్లో నాటితే తొందరగా పిలకలు వేస్తుంది. వేసవిలో ఆకు ఎండినా కంగారుపడి పీకేయకండి, మొదలు దగ్గర కోసి నీళ్లు పోస్తే చాలు.

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి వెళ్లేవాళ్లు గడ్డి మాట మరిచిపోయి ఎర్రచందనం పసుపు పూత వెతకండి. అప్పుడు మాత్రం వేడినీళ్ల సంగతి కాదు, ఏసీ పనిచేస్తుందో లేదో అడిగి గది తీసుకోండి.