హరికేన్ నష్టం అంచనా: నమూనా, ఉపగ్రహ చిత్రం, ఇంటింటి సర్వే – ఏది మేలు?

హరికేన్ తీరం దాటిన కొద్ది రోజులకే ప్రభుత్వానికి ఒక అంకె అవసరమవుతుంది. ఎంత సాయం అడగాలో, ఎంత అప్పు తేవాలో దానిని బట్టే తేలుతుంది. అప్పటికి చాలా ఊళ్లకు దారులే తెరుచుకొని ఉండవు కనుక, ఇంటింటికీ వెళ్లి లెక్కించడం కుదిరే పని కాదు.

గణిత నమూనాకు ఆ ఇబ్బంది లేదు. గాలి వేగం, ఉప్పెన, వరదల పటాలను కట్టడాల వివరాలతో, అంటే వాటి సంఖ్య, కట్టిన తీరు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చుతో జతచేసి, ఏ తీవ్రతకు ఏ రకం కట్టడం ఎంత దెబ్బతింటుందో అది లెక్కగడుతుంది. 2015 నేపాల్ భూకంపం నేపథ్యంలో ప్రపంచ బ్యాంకు రూపొందించిన ‘గ్రేడ్’ పద్ధతి ఇలాంటిదే. 2025 అక్టోబరు 28న జమైకాను తాకిన మెలిస్సా హరికేన్ వల్ల సుమారు 880 కోట్ల డాలర్ల భౌతిక నష్టం, అంటే 2024 జీడీపీలో 41 శాతం, జరిగిందని ఈ పద్ధతి కొద్ది వారాల్లోనే తేల్చింది.

అయితే గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించి పెరుగుతుంది కాబట్టి, వేగం అంచనాలో 10 శాతం ఎక్కువ పడితే ఒత్తిడి 21 శాతం ఎక్కువ వస్తుంది. నష్టంలో తేడా అంతకు మించే ఉండవచ్చు. కట్టడాల జాబితా పాతదైతే ఆ తప్పు కూడా దీనికి తోడవుతుంది.

ఉపగ్రహ చిత్రాలు ఊహను కాక, జరిగినదాన్ని చూపుతాయి. కానీ అవి చూసేది పైనుంచి మాత్రమే: లేచిపోయిన రేకులు కనిపిస్తాయి, పైకప్పు నిలిచి లోపల ఉప్పెన నీటిలో నానిపోయిన ఇల్లు క్షేమంగా ఉన్నట్లే కనిపిస్తుంది. సాధారణ చిత్రాలకు మబ్బులు అడ్డు. రాడార్‌కు అవి అడ్డు కావు గానీ, ఒక్కో ఇంటి దెబ్బను దానితో పోల్చుకోవడం కష్టం. ఏ ఊరికి ముందు వెళ్లాలో నిర్ణయించడానికి మాత్రం చిత్రాలను మించినది లేదు.

క్షేత్ర సర్వే నెమ్మది, కానీ దాని లోతు వేరు. 2017 సెప్టెంబరు 18న మరియా హరికేన్ కరీబియన్ ద్వీప దేశమైన డొమినికాను తాకగా, సమగ్ర నివేదిక నవంబరులో వచ్చింది. భౌతిక నష్టం 93.1 కోట్ల డాలర్లు కాగా, ఆగిపోయిన ఉత్పత్తి, ఆదాయాల నష్టాన్ని అది విడిగా లెక్కించింది. రెండూ కలిపి 2016 జీడీపీకి 226 శాతం. గ్రేడ్ మొదటి భాగాన్ని మాత్రమే చూస్తుంది. పత్రికలు తరచూ రెంటినీ కలిపేస్తుంటాయి.

తొలి రెండు వారాలకు ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు నమూనాకే, చిత్రాలు అందిన కొద్దీ దానిని సరిదిద్దాలన్న షరతుతో. ఆ అంకెను కనిష్ఠ, గరిష్ఠ హద్దులతో ప్రకటించాలి. ఒక కుటుంబానికి ఎంత పరిహారం చెల్లించాలో దాని ఆధారంగా నిర్ణయించకూడదు. అందుకు ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి చూడవలసిందే.