ఆర్గానిక్ కెమిస్ట్రీకి తోటి విద్యార్థుల తోడు: సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్‌పై ఒక సమీక్ష

అమెరికాలో డిగ్రీ చదువుతున్న తెలుగు విద్యార్థులు ఆర్గానిక్ కెమిస్ట్రీలోనో కాల్‌క్యులస్‌లోనో వెనుకబడినప్పుడు ముందుగా ట్యూషన్ కోసం వెతుకుతారు. విశ్వవిద్యాలయమే ఉచితంగా నడిపే, ఆ కోర్సు ముందే చదివిన విద్యార్థి ఆధ్వర్యంలో అందరూ కలిసి చదువుకొనే సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ సెషన్ల వైపు మాత్రం ఆలస్యంగా చూస్తారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన సెమిస్టర్‌లో క్రమం తప్పకుండా వాటికి హాజరైన విద్యార్థినిగా, అవి ఎవరికి ఉపయోగపడతాయో, ఎక్కడ నిరాశపరుస్తాయో చెప్పదలచుకున్నాను.

కాన్సస్ సిటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1973లో డియానా మార్టిన్ ఈ పద్ధతిని ప్రారంభించారు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలోని విశ్వవిద్యాలయాల్లో ఇదే పద్ధతి 'పాస్' (పీర్ అసిస్టెడ్ స్టడీ సెషన్స్) అనే పేరుతో నడుస్తోంది. దాదాపు 30 శాతం లేదా అంతకు మించిన విద్యార్థులు డి, ఎఫ్ గ్రేడ్లు తెచ్చుకొనే లేదా మధ్యలోనే వదిలేసే కోర్సులను గుర్తించి, వాటికి ఈ సెషన్లను జోడిస్తారు. కష్టమైనది కోర్సు అని ముద్ర వేస్తారే తప్ప బలహీనుడని విద్యార్థి మీద వేయరు కనుక, మంచి మార్కులు వచ్చేవారూ తప్పిన వారూ ఒకే బల్ల చుట్టూ సంకోచం లేకుండా కూర్చుంటారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

సెషన్ నడిపే లీడర్ అదే కోర్సును ముందే మంచి గ్రేడ్‌తో పూర్తి చేసిన విద్యార్థి. శిక్షణ పొంది, ప్రొఫెసర్ పాఠాలన్నిటికీ మళ్లీ మనతోపాటు కూర్చుని నోట్సు రాసుకుంటారు కనుక, ఆ వారం తరగతిలో ఏ మాట ఎవరికీ అర్థం కాలేదో వారికి తెలుసు. అయితే వారు పాఠం మళ్లీ చెప్పరు, హోంవర్క్ చేసి పెట్టరు. ఎస్ఎన్1, ఎస్ఎన్2 చర్యల (అణువులోని ఒక సమూహం స్థానంలో మరొకటి చేరే రెండు రకాల చర్యల) వారంలో మా లీడర్ బోర్డు మీద ఖాళీ పట్టిక గీసి, ఏ సబ్‌స్ట్రేట్ (మార్పు చెందే అణువు), ఏ న్యూక్లియోఫైల్ (దాని మీద దాడి చేసి కొత్తగా చేరేది), ఏ ద్రావణి అన్న గడులను మమ్మల్నే నింపమన్నారు. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ ఎస్ఎన్2కు ఎందుకు లొంగదని ఒకరు అడిగితే, జవాబు చెప్పకుండా మార్కర్‌ను వెనుక వరుసలోని అమ్మాయికి అందించారు. ఆమె కార్బన్ చుట్టూ మూడు మిథైల్ సమూహాలను గీసి, బ్రోమిన్‌కు ఎదురు వైపు నుంచి న్యూక్లియోఫైల్ చొరబడడానికి దారి లేదని బాణం గుర్తుతో చూపింది. పుస్తకంలో కంఠస్థం చేసిన ఆ నియమం వెనుక ఉన్న కారణం నాకు బోధపడింది అప్పుడే.

ఇంటర్‌లో స్టడీ అవర్ల మధ్య, లెక్చరర్ చెప్పింది రాసుకొని బిట్లు సాధించి పెరిగిన మనకు, ప్రశ్న తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఇంజనీరింగ్ హాస్టళ్లలో పరీక్షల ముందు జరిగే కంబైన్డ్ స్టడీ రుచి తెలిసినవారు త్వరగా అలవాటు పడతారు. తేడా అల్లా ఇక్కడ అది ప్రతి వారం, దారి చూపే మనిషితో జరగడం.

లోపాలు లేవని అనను. నాణ్యత పూర్తిగా లీడర్ మీద ఆధారపడుతుంది. నేను వెళ్లిన మరొక కోర్సులో లీడర్ ఓపిక పట్టలేక గంటంతా బోర్డు మీద లెక్కలు చేసి చూపించారు, అది మరొక లెక్చర్‌గా మిగిలింది. పరీక్షకు ముందు రోజు గది కిక్కిరిసిపోయి చర్చకు చోటే ఉండదు. కాబట్టి పరీక్ష ముందు మాత్రమే వెళ్లాలనుకునేవారికి నేను దీన్ని సిఫార్సు చేయను. మొదటి వారం నుంచి, ఆ రోజు పాఠాన్ని ఒకసారి చదువుకొని వెళ్లగలవారికి మాత్రం డబ్బిచ్చి పెట్టుకొనే ట్యూటర్ కంటే ఇదే మేలని గట్టిగా చెబుతాను.

సెషన్లు ఎక్కువగా సాయంత్రాలే పెడతారు కనుక, క్యాంపస్‌లో ఉద్యోగం చేసుకొనేవారికి వేళలు కుదరకపోవచ్చు. సెమిస్టర్ మొదట్లో లీడర్లు అందరి ఖాళీ సమయాలు అడిగి పట్టిక వేస్తారు. అప్పుడే మీ షిఫ్టు వేళలు స్పష్టంగా రాసి ఇవ్వండి.