మడత చాకు కొనడానికి ఫ్రాన్సులో మూడు ఊళ్లు

ఫ్రాన్సులో మడత చాకు పేరు చెబితే మూడు ఊళ్లను తలచుకోవాలి. ఓవెర్న్ ప్రాంతంలో ద్యురోల్ నది పక్కన కొండ మీద కట్టిన తియేర్ ఒకటి. ఓబ్రాక్ పీఠభూమి మీద పచ్చిక బయళ్ల మధ్య ఉన్న లాయోల్ రెండోది. ఆల్ప్స్ లోయలో, ఇటలీ వైపు వెళ్లే రైలు దారిలో ఉన్న సాన్-జాన్-ద-మోరియెన్ మూడోది. లియోన్‌లో ఉంటున్న మా అక్కయ్య ఇంట్లో దిగి ఈ మూడూ చూసి వచ్చాను. మొదటి రెండు ఊళ్లకు బావగారు కారులో తీసుకువెళ్లారు. బావగారికి చాకు అంటే కొమ్ము పిడి, ఇత్తడి మెరుపు, వెన్ను మీద చెక్కిన నగిషీ. నాకు చాకు అంటే పండు కోయాలి, తాడు తెంపాలి, పదును పోతే ఇంట్లోనే సాన పట్టుకోగలగాలి. దారి పొడవునా ఇదే మా వాదన. ఆ వాదన వల్లే దుకాణాల్లో ఏం అడగాలో ఇద్దరికీ తెలిసింది.

తియేర్‌కు లియోన్ నుంచి రోడ్డు మీద సుమారు 130 కిలోమీటర్లు. రైల్లో వెళ్లదలచినవారు క్లెర్‌మాన్-ఫెర్రాన్ చేరి అక్కడి నుంచి రావాలి. సెంతెతియెన్ వైపు నుంచి కొండల్లోగా వచ్చే పాత మార్గంలో 2016 నుంచి రైళ్లు లేవు. పాత ఊరంతా నిటారు వీధులు, రాతి మెట్లు, కర్ర దూలాలు బయటికి కనిపించే ఇళ్లు. 15వ శతాబ్దపు పిరూ భవనం ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరలేదు. మేము దిగిన గది కూడా అలాంటి పాత ఇంట్లోనే. కిటికీ తెరిస్తే కింద మైదానం, దూరంగా అగ్నిపర్వతాల వరుస. అయితే లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, కారు కింద ఎక్కడో వదిలి సామాను మోసుకుంటూ పైకి ఎక్కాలి. అక్కయ్యకు మోకాళ్ల నొప్పి. రెండో రాత్రికి దిగువ ఊళ్లో ఒక మామూలు హోటల్‌కు మారాం. చూడటానికి ఏమీ ఉండదు కానీ కారు గుమ్మం ముందే ఆగుతుంది, వేడినీళ్లు ఆలస్యం లేకుండా వస్తాయి. పెద్దవారితో వెళ్లేవారికి నేను దిగువ ఊరే చెబుతాను.

చాకుల మ్యూజియం ఒకే వీధిలో రెండు పాత భవనాల్లో ఉంది. ఒక భవనంలో చాకులను బిగించే పని మన కళ్ల ముందే చేసి చూపిస్తారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం సాన పట్టేవారి కథ. ద్యురోల్ నీటి వేగంతో తిరిగే సానరాళ్ల మీద ఇక్కడ తరతరాలుగా బ్లేడ్లకు పదును పెట్టారు. పనివారు రాయికి పైగా వేసిన పలక మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో బ్లేడును రాయికి అదిమేవారు. రాయి నుంచి చిమ్మే పసుపు రంగు బురద బట్టలకు అంటుకునేది, అందుకే వారికి పసుపు పొట్టలవారు అని పేరు. చలికాలంలో ఆ చెమ్మ గదుల్లో కాళ్లు బిగుసుకుపోకుండా కుక్కలను కాళ్ల మీద పడుకోబెట్టుకునేవారు. ఊరికి ఎగువన ఉన్న సానరాళ్ల లోయలో ఆనాటి పనిశాలల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నదిని ఆనుకుని నడిచే దారి చక్కగా ఉంటుంది, జారని చెప్పులు తప్పనిసరి.

ఇక్కడ చాకు ఒక్కరి చేతిలో పూర్తయ్యేది కాదు. ఇనుము సాగగొట్టేవారు వేరు, సాన పట్టేవారు వేరు, మెరుగు పెట్టేవారు వేరు, పిడి అమర్చేవారు వేరు. దుకాణం అద్దం వెనుక మన కంటికి ఆనేది చివరి ఇద్దరి పనితనమే: మెరుపు, పిడి. కోత మాత్రం సాన పట్టిన మనిషి చేతిలో ఉంది. వాదర, అంటే కోసే అంచు, దాని వెనుక బ్లేడు ఎంత పలుచగా ఉందన్నదే చాకు పండులోకి దిగుతుందా, పండును చీలుస్తుందా అన్నది తేలుస్తుంది. మందపాటి బ్లేడుకు ఎంత పదును పెట్టినా ఆపిల్ ముక్క చెదిరి విరుగుతుంది. పలుచని బ్లేడు నిశ్శబ్దంగా జారిపోతుంది. అద్దంలో ఈ తేడా తెలియదు. చాకు విప్పి, వాదర మన వైపు రాకుండా పట్టుకుని, మొన వైపు నుంచి చూస్తే తెలుస్తుంది.

తియేర్‌లో దుకాణాలు చాలా ఉన్నాయి, అడిగితే ఓపికగా చూపిస్తారు. మేము ఎక్కువసేపు గడిపిన దుకాణం యజమానురాలు చాకుతో పాటు ఒక కాగితం ముక్క కూడా చేతికి ఇచ్చింది. కాగితం కోసి చూడటం మంచిదే, కానీ కొత్త చాకు ఏదైనా కాగితం కోస్తుంది. నేను ఇంకొన్ని చూశాను. మూసినప్పుడు మొన పూర్తిగా పిడిలోకి దిగిందా? బ్లేడు పిడి లోపలి రెండు రేకుల మధ్య సరిగ్గా నడిమిన ఉందా? విప్పాక అటూ ఇటూ కదిలిస్తే ఆడుతోందా? వెన్ను స్ప్రింగుకూ పిడికీ మధ్య వెలుతురు కనిపిస్తోందా? పిడిని పిడికిలిలో గట్టిగా బిగిస్తే ఎక్కడైనా గుచ్చుతోందా? ఆఖరి ప్రశ్న దగ్గరే అందమైన చాకులు చాలా వెనక్కి వెళ్లిపోయాయి. ఎత్తుగా లేచిన నగిషీ, కోసుగా తిరిగిన పిడి చివర, మెరిసే ఇత్తడి మూలలు, ఇవన్నీ బల్ల మీద ముచ్చటగా ఉంటాయి. ఒక గుమ్మడికాయ తొక్కు తీసేసరికి అరచేతిలో ఎర్రగా అచ్చు పడుతుంది.

పొరలు పొరలుగా అలల గీతలతో ఉండే డమాస్కస్ ఉక్కు గురించి బావగారు అడిగారు. అది కళ్లు తిప్పుకోనివ్వదు, ధర మాత్రం మామూలు బ్లేడుకు ఎన్నో రెట్లు. కోత విషయంలో మంచి సాదా ఉక్కును సరిగ్గా కాచి చల్లార్చితే దానికేమీ తీసిపోదు. గోడకు పెట్టుకునే వస్తువుగా కొంటే సరే, జేబులోకి మాత్రం ఆ డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. అదే ఊళ్లో 1994లో చాకుల పనివారి సంఘం రూపొందించిన ‘ల తియేర్’ అనే నమూనా నాకు బాగా నచ్చింది. ఒకే ఆకారాన్ని రకరకాల తయారీదారులు తమ తమ పద్ధతిలో చేస్తారు. వెన్ను సన్నగా వంపు తిరిగి, పిడి అరచేతి గుంటలో కుదురుగా కూర్చుంటుంది. నగిషీ దాదాపు ఉండదు, ఆకారమే అందం. ఈ యాత్రలో అందమూ పనితనమూ విడదీయలేని చాకు అదే అనిపించింది.

లాయోల్‌కు సొంత బండి లేకుండా వెళ్లడం కష్టం. రైలు లేదు, దగ్గరి పెద్ద ఊరు రొదెజ్. దారి మాత్రం అద్భుతం. సుమారు 1000 మీటర్ల ఎత్తున చెట్లు తగ్గి, గడ్డి మైదానాలు, రాతి గోడలు, గోధుమరంగు ఓబ్రాక్ ఆవులు కనిపిస్తాయి. ఊరి సంత మైదానంలో పెద్ద కంచు ఎద్దు విగ్రహం ఉంది. ఊరి అంచున డిజైనర్ ఫిలిప్ స్టార్క్ రూపకల్పన చేసిన చాకుల కర్మాగారం కప్పు మీద 18 మీటర్ల బ్లేడు ఆకాశంలోకి నిలబడి ఉంటుంది. లోపల ఒక్కో చాకును ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా బిగించడం చూడవచ్చు. ఇది తియేర్ పద్ధతికి పూర్తి భిన్నం. సందర్శకులతో మాట్లాడే తీరు, ప్రశ్నలకు జవాబు చెప్పే ఓర్పు మూడు ఊళ్లలోకీ ఇక్కడే మిన్న.

లాయోల్ చాకు పుట్టుక 1829లో పియేర్-జాన్ కల్మెల్ చేతిలో. ఆనాడు అది పల్లె జేబులోని పనిముట్టు. 1840 ప్రాంతంలో దానికి సూదిలాంటి పొడిచే మొనను చేర్చారు. పచ్చిగడ్డి ఎక్కువ మేసి కడుపు ఉబ్బిన పశువుకు డొక్కలో పొడిచి గాలి తీసేందుకు అది. మన పల్లెల్లో పశువులు సాకినవారికి ఆ ప్రాణాపాయం బాగా తెలుసు. 1880 ప్రాంతంలో సీసా బిరడా తీసే మెలిక కూడా వచ్చింది. ఇవాళ జనం ముచ్చటపడి కొనే ఆ మూడు భాగాల చాకులో ప్రతి భాగమూ ఒక అవసరంలోంచే వచ్చింది. పిడి మీద చిన్న మేకులతో తీర్చిన శిలువ, వెన్ను స్ప్రింగు చివర తేనెటీగ బొమ్మ అలంకారాలు. అవి చేతికి అడ్డు రావు, అందుకే వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మెలికతోనే. మడిచినప్పుడు అది పిడిని ఆనుకుని కూర్చుంటుంది. గట్టిగా నొక్కి కోస్తే చేతికి తగులుతుంది. పైగా లాయోల్ సంప్రదాయ చాకుకు తాళం ఉండదు, స్ప్రింగు బిగువే బ్లేడును నిలబెడుతుంది. బల్ల మీద రొట్టె, జున్ను (చీజ్), మాంసం కోయడానికి అది చాలు. మొనతో గుచ్చి తిప్పే పనికి దాన్ని వాడకూడదు, మూసుకుంటే వేళ్ల మీద పడుతుంది.

ఇంకో జాగ్రత్త. లాయోల్ అని బ్లేడు మీద రాసి ఉన్నంత మాత్రాన ఆ ఊరిలో చేసినట్టు కాదు. ఆ పేరుతో ఆసియా నుంచి వచ్చే చవక చాకులు ఫ్రాన్సు పర్యాటక దుకాణాల్లో గుట్టలుగా ఉంటాయి. తయారీదారు పేరు, చేసిన చోటు రెండూ అడిగి రాయించుకోవాలి. అసలు సిసలు చాకు ధర సాధారణంగా వంద యూరోలు దాటుతుంది. బావగారు కొమ్ము పిడి చాకు తీసుకున్నారు, మెలిక లేనిది. ఆయన ఇంట్లో భోజనాల బల్ల మీద వాడటానికే కొన్నారు కాబట్టి ఆ ఎంపిక సరైనదే. అందాన్ని చూసి కొనడంలో తప్పేమీ లేదు, ఏ పనికో ముందు తేల్చుకుంటే చాలు.

బస పీఠభూమి మీద ఒక రైతు ఇంట్లో. గదులు శుభ్రం, దుప్పట్లు వెచ్చన, రాత్రి భోజనం ఆ ఇంటివారితోనే. ఇక్కడి ప్రత్యేక వంటకం అలిగో: బంగాళాదుంప ముద్దలో తాజా జున్ను, వెన్న, వెల్లుల్లి కలిపి సాగేలా తిప్పుతారు. మాంసం తినని అక్కయ్యకు అదే భోజనం అయింది. అయితే ఈ ప్రాంతపు జున్ను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. నిష్ఠగా శాకాహారం పాటించేవారు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

సాన్-జాన్-ద-మోరియెన్‌కు నేను ఒక్కడినే రైల్లో వెళ్లాను. షాంబెరీలో మారితే అక్కడి నుంచి సుమారు గంట. వేసవిలో ఆల్ప్స్ కనుమలు ఎక్కే సైకిల్ ప్రయాణికులతో హోటళ్లు నిండిపోతాయి, గది ముందే చెప్పుకోవాలి. స్టేషను దగ్గరి నా హోటల్ గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, హాయిగా నిద్రపోయాను. ఊరికి దగ్గరి కొండ పల్లెలో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన చాకు చరిత్రంతా ఇక్కడి చిన్న మ్యూజియంలో ఉంది. 1897 నాటికి 1 నుంచి 12 దాకా అంకెలతో కొలతలు వచ్చాయి. 1955లో మెడ దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం చేరింది. అది తిప్పితే విప్పిన బ్లేడు మూసుకోదు. బ్లేడు, కర్ర పిడి, కదలని పట్టీ, తిరిగే ఉంగరం, ఒక మేకు. మొత్తం ఐదే భాగాలు. ఎక్కడా నగిషీ లేదు. అయినా లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం 1985లో అందమైన వస్తువుల జాబితాలో దీన్ని చేర్చింది.

నేను కొన్నది ఇక్కడే, 8వ నంబరు, పదిహేను యూరోల లోపు. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, వాదర వెనుక ఎంతో పలుచన. కార్బన్ ఉక్కు బ్లేడు సాన రాయి మీద త్వరగా పదునెక్కుతుంది, కానీ మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఇనుప కత్తిపీట వాడిన ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మాది కాకినాడ, సముద్రపు గాలి. అందుకని స్టెయిన్‌లెస్ తీసుకున్నాను. దీని లోపం పిడిలో ఉంది: కర్ర తడిస్తే ఉబ్బి బ్లేడును బిగబట్టేస్తుంది. అప్పుడు పిడి చివరను గట్టి బల్ల మీద కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది, సవోయ్ ప్రాంతపువారి ఉపాయం అది. మన వానాకాలంలో ఈ చిక్కు తప్పదు. ఆ రోజుల్లో కడిగిన వెంటనే తుడిచి, విప్పే ఉంచి ఆరబెట్టాలి, కీలు దగ్గర ఒక చుక్క నూనె వేయాలి.

మూడింటిలో ఒక్క ఊరికే సమయం ఉంటే తియేర్‌కు వెళ్లండి. అక్కడ అన్ని రకాల చాకులనూ పక్కపక్కన పెట్టి చేతిలోకి తీసుకోవచ్చు. కొన్న చాకును ఫ్రాన్సు వీధుల్లో జేబులో పెట్టుకు తిరగకండి, తగిన కారణం లేకుండా చాకు వెంట ఉంచుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. పెట్టెతో సహా సంచి అడుగున ఉంచి, రసీదు పక్కన పెట్టండి. విమానంలో చేతి సామానులో అనుమతించరు, తనిఖీలో ఇచ్చే పెద్ద పెట్టెలోనే సర్దాలి. తిరుగు టికెట్టు చేతి సామానుకే పరిమితమైతే పెద్ద పెట్టెకు రుసుము కొనే ముందే లెక్క వేసుకోండి. పదిహేను యూరోల చాకు కంటే ఆ రుసుమే ఎక్కువవుతుంది.