విభాగాలు నొక్కుకుంటూ చదువు సైట్లు వెతకడం: ఆరేళ్ల వాడకం తర్వాత నా మాట

మాది గుంటూరు. బ్రాడీపేటలో ఇల్లు చెప్పాలంటే 4/14 అంటే చాలు. నాలుగో లైనులోకి తిరిగి పద్నాలుగో అడ్డరోడ్డు దగ్గర ఆగాలి, ఇంటాయన పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. చదువుకి పనికొచ్చే సైట్లని నేను ఆరేళ్లుగా ఇలాగే పట్టుకుంటున్నాను. ముందు సైన్స్, అందులో ఫిజిక్స్, అందులో కాంతి. ఎనిమిది నుంచి పది దాకా పిల్లలకి ఇంట్లో ట్యూషన్ చెబుతాను కాబట్టి ఇది నాకు రోజూ ఉండే పని.

అలవాటు మాత్రం పాతదే. అరండల్‌పేట నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్న రోజుల్లో యాహూ తెరిస్తే వరసగా విభాగాలే కనిపించేవి. 1998లో మొదలైన డీమాజ్ అనే సైట్ల జాబితాలో అయితే వాలంటీర్లు ఒక్కో సైటూ స్వయంగా చూసి, దాని అరలో దాన్ని పెట్టేవాళ్లు. అది 2017లో మూతపడింది. ఇప్పుడు నా తిరుగుడంతా పెద్ద సైట్ల లోపలి విభాగాల్లోనే.

సెర్చ్‌లో ‘టెన్త్ కాంతి పాఠం’ అని కొడితే ముందు వచ్చేవి ఇంపార్టెంట్ క్వశ్చన్లు, గెస్ పేపర్లు. నాకు కావలసింది అది కాదు. అసలు ఏం కావాలో నాకే తెలియని రోజులుంటాయి. అలాంటి ఒక సాయంత్రం, సైన్స్ ప్రయోగాల్ని తెర మీదే చేసి చూసే ఫెట్ (PhET) సైటులో ఫిజిక్స్ నొక్కి, కాంతి విభాగంలోకి దిగితే ‘కలర్ విజన్’ తగిలింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం టార్చిలైట్లు మూడు, ఎదురుగా ఒక మనిషి తల. ఎరుపూ ఆకుపచ్చా పూర్తిగా పెంచితే ఆ మనిషికి కనిపించే రంగు చూపే బుడగ, తల పక్కనున్నది, పసుపైపోతుంది. ఒక పిల్లాడు ఒప్పుకోలేదు. “మేడం, నా వాటర్ కలర్స్‌లో కలిపితే బురద రంగొచ్చింది” అన్నాడు. రంగులు కలపడం వేరు, వెలుగులు కలపడం వేరు అని ఆ పూటంతా దాని మీదే గడిచింది. పేరు తెలియని దాన్ని సెర్చ్‌లో ఏమని కొడతాను?

ఈ ఫెట్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. పెట్టినాయన కార్ల్ వీమన్, ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చినాయన. భాషని బట్టి కూడా చూడొచ్చు, తెలుగూ ఉంది. ఇంజనీరింగ్ చదివే మా అన్నయ్య కొడుక్కి మాత్రం ఐఐటీ వాళ్ల పాఠాలుండే ఎన్‌పీటెల్ (NPTEL) సైటు. బ్రాంచి ఎంచుకుంటే దాని కోర్సులన్నీ ఒకచోటే కనిపిస్తాయి.

తలనొప్పులూ ఉన్నాయి. మన బడిలో చెప్పే పీఎస్‌లో, అంటే ఫిజికల్ సైన్స్‌లో, ఫిజిక్సూ కెమిస్ట్రీ కలిసే ఉంటాయి, బయటి సైట్లలో అవి వేరు కాపురాలు. కన్ను పాఠం మనకి పీఎస్‌లో వస్తుంది. పిల్లలేమో కన్ను అనగానే బయాలజీలోకి పోయి, ఏమీ లేదు మేడం అని తిరిగొస్తారు. లైను తప్పితే అడ్డరోడ్డు నంబరు ఎంత కరెక్టయినా ఇల్లు దొరకదు కదా. అందుకని రెండు విభాగాలూ చూశాకే లేదనమని చెబుతాను. ఇంకో సైటులో ‘ఉచితం’ అన్న విభాగం నొక్కితే ఫోన్ నంబరు అడిగింది. ఇచ్చాను, బుద్ధి లేక. వారం పాటు కోచింగ్ వాళ్ల ఫోన్లే. ఆ తర్వాత నంబరడిగిన ఏ సైటులోనూ రెండో నొక్కు నొక్కలేదు.

దొరికినవాటిని అప్పటికప్పుడే దాచుకోవడం నా పద్ధతి. ఫెట్‌లో ఒక్కో ప్రయోగాన్నీ ఫైలుగా దించుకోవచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది. మొన్న నెట్ పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉన్న సర్క్యూట్ కిట్ తెరిచాను. బ్యాటరీ రెండు కొసల్నీ ఉత్త వైరుతో కలిపితే బ్యాటరీకి మంటలు లేస్తాయి. అది చూసి అందరూ ఒక్కసారి కేక పెట్టారు. అందులో పెన్సిలు, నాణెం, కుక్క బొమ్మ కూడా ఉంటాయి, వైర్ల మధ్య పెట్టి చూడ్డానికి. ఎనిమిదో క్లాసు వాడు కుక్కని పెట్టాడు. బల్బు వెలగలేదు. వాడు నా వైపు ఒకసారి చూసి, పక్కన ఇంకో బ్యాటరీ తగిలించాడు.