ఐస్ బాత్ టబ్బు: చన్నీళ్ళ ఈతకు బెంగళూరు ఇంట్లో సాధన

ఆన్‌లైన్‌లో ఐస్ బాత్ టబ్బు అని వెతికితే కనబడేవాటిలో ఎక్కువ భాగం ఒకే బాపతువి. 75 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, చుట్టూ నిలబెట్టే ప్లాస్టిక్ కాళ్ళు, పైన గాలి నింపే రింగు, అడుగున చిన్న కుళాయి, ఒక మూత. డబ్బా మీద పేరు మారుతుంది గానీ లోపల సరుకు ఇంచుమించు ఇదే. వ్యాయామం తర్వాత ఒళ్ళు నొప్పులు తగ్గుతాయని చెప్పి వీటిని అమ్ముతారు. ఆ సంగతి జోలికి మేం పోవడం లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ యూరప్‌లో ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్‌కు (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే సుదూర పోటీకి) పేరిచ్చినవాళ్ళకు ఇది అక్కరకొస్తుందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

అక్కరకొస్తుంది, ధైర్యంగా కొనండి. అయితే ఇది చేసిపెట్టే పని ఒక్కటే. చల్లటి నీళ్ళలో దిగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి చెయ్యిజారిపోకుండా ఒంటికి అలవాటు చేస్తుంది. ఈత నేర్పదు, చలి తట్టుకునే శక్తినీ పెద్దగా ఇవ్వదు.

చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగలగానే మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా గాలి ఎగబీలుస్తాడు. వెంటనే ఊపిరి రొప్పుగా మారుతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. మొదటి అర నిమిషంలో ఇది తారస్థాయికి చేరి, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ మొదటి గుక్క పట్టే వేళకు ముఖం నీళ్ళలో ఉంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నార్వేలో జరిగే నార్స్‌మన్ ట్రయథ్లాన్‌లో ఫెర్రీ మీంచి నేరుగా ఫియర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి దూకాలి, ఆపైన 3.8 కిలోమీటర్లు ఈదాలి. అక్కడ మెల్లగా పాదాలు తడుపుకుంటూ దిగే వీలుండదు. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రొఫెసర్ మైక్ టిప్టన్, ఆయన సహచరులు తేల్చినదేమిటంటే, కొద్ది నిమిషాల చొప్పున ఐదారు సార్లు చన్నీళ్ళలో మునిగితే ఈ తాకిడి దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ అలవాటు నెలల తరబడి నిలుస్తుంది. అంటే రోజూ ఐస్ కొనక్కర్లేదు. పోటీకి నెల ముందు రెండు వారాలు, ఆరు మునకలు. ఈ టబ్బు డబ్బుకు తగిన వస్తువు అనడానికి అసలు కారణం ఈ లెక్కే.

ఎక్కడ పెట్టాలి

కొనేముందే ఆలోచించాల్సింది ఇది. మనిషి కూర్చుంటే పైకి పొర్లకుండా ఉండాలంటే ఇందులో నీళ్ళు, ఐస్ కలిపి 240 లీటర్లకు మించకూడదు. 70 కిలోల మనిషితో కలిపితే 310 కిలోలు. ఆ బరువంతా అర చదరపు మీటరు కూడా లేని చోట పడుతుంది. లెక్కేస్తే చదరపు మీటరుకు 700 కిలోలు. కట్టడాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్ళ బాల్కనీలకు లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. చిన్నచోట పడే బరువును ఈ అంకెతో నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా గోడ దాటి బయటికి చొచ్చుకొచ్చిన బాల్కనీ మీద మాత్రం పెట్టొద్దు. గ్రౌండ్ ఫ్లోర్ నేల అన్నిటికన్నా మేలు. అసోసియేషన్‌వాళ్ళను అడిగి కింద కుళాయి, డ్రెయిన్ దగ్గర్లో ఉన్న మూల చూసుకోండి. సంపు మూత మీద, మ్యాన్‌హోల్ పలక మీద పెట్టొద్దు.

బిగించడం

కాళ్ళు దూర్చి, రింగులో గాలి కొట్టి నిలబెట్టడం పావుగంట పని. తేడా వచ్చేది కుళాయి దగ్గర. కారే టబ్బుల్లో ఎక్కువ భాగం అక్కడే కారతాయి. టబ్బు లోపలివైపు రబ్బరు వాషర్ మడత పడకుండా, చదునుగా కూర్చోవాలి. దాన్ని తడిపి వేస్తే పక్కకు జారకుండా కూర్చుంటుంది. కుళాయి మరకు టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు, మర బిగుసుకునే దిశలోనే చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ముద్దకట్టి బయటికొస్తుంది. చేత్తో బిగిసినంతా బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. స్పానర్ వేస్తే ప్లాస్టిక్ మర చిట్లుతుంది, విడిగా ఆ ముక్క దొరకడం కష్టం. కింద పాత పేపరు పరిచి, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి అరగంట ఆగండి. పేపరు పొడిగా ఉంటేనే నిండా పోయండి.

రింగు విషయంలో ఒక గందరగోళం ఉంది. గట్టిగా గాలి కొట్టిన రింగు ఐస్ వేశాక మెత్తబడుతుంది. గాలి చల్లబడి కుంచించుకుపోతుంది కాబట్టే అలా అవుతుంది, లీకు అనుకోవద్దు. మెత్తబడిందని మళ్ళీ కొట్టి, ఆనక ఎండలో వదిలేస్తే అతుకు విచ్చుకుంటుంది. దిగేటప్పుడు, లేచేటప్పుడు రింగు మీద కూర్చోకూడదు, కాళ్ళు వంగిపోతాయి. పక్కన కదలని స్టూలొకటి వేసుకోండి.

ఐస్ లెక్క

చాలామంది ఇక్కడే తప్పుతారు. రెండు ప్యాకెట్లు వేసి, చల్లగా ఉందనుకుని కూర్చుంటే అది సాధన కాదు. బెంగళూరు సంపు నీళ్ళు 25 డిగ్రీలున్నాయనుకుందాం. 15 డిగ్రీలకు దించాలంటే 217 లీటర్ల నీళ్ళకు 23 కిలోల ఐస్ కావాలి. కిలో ఐస్ కరిగి, ఆ కరిగిన నీరు 15 డిగ్రీలకు చేరేలోపు సుమారు 397 కిలోజౌళ్ళ వేడిని లాగుతుంది. లెక్క దాన్నిబట్టి వస్తుంది. టబ్బు గోడల గుండా వచ్చే వేడికి ఇంకో మూడు నాలుగు కిలోలు దగ్గర పెట్టుకోండి. 13 డిగ్రీలు కావాలంటే 28 కిలోలు. చెన్నైలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలుంటే, 15కు దించడానికే 37 కిలోలు పడుతుంది. ఏ ఊళ్ళోనైనా ఎండ తగలకముందు, తెల్లవారుజామున సంపులోంచి నింపుకుంటే ఐస్ ఖర్చు తగ్గుతుంది.

చేపల మార్కెట్ల దగ్గర దొరికే ఐస్ గడ్డలు చవక. ఆర్డర్ పెట్టగానే ఇంటికొచ్చే ఐస్ క్యూబుల ప్యాకెట్లు ఈ లెక్కకు ఖరీదవుతాయి. గడ్డను గోనెసంచిలో వేసి పిడికిలంత ముక్కలు చేయాలి. గడ్డగానే వేస్తే కరగడానికి చాలాసేపు పడుతుంది, అంచులు చర్మాన్ని కోస్తాయి. ఆ ఐస్ తాగే నీళ్ళతో చేసినదని నమ్మకం లేదు కాబట్టి నోట్లోకి నీళ్ళు పోనివ్వకండి. ఫ్రీజర్‌లో బాటిళ్ళు గడ్డకట్టించుకునే పద్ధతీ మంచిదే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, అందుకని బాటిల్ నిండా పోయొద్దు.

ముక్కలన్నీ కరిగేదాకా కలిపి, సగం లోతులో థర్మామీటరు పెట్టి చూడండి. టబ్బుతోపాటు థర్మామీటరు వచ్చినా, వంటకు వాడే డిజిటల్ ప్రోబ్ ఒకటి విడిగా కొనుక్కుని సరిచూసుకోవడం నయం.

మునక

పక్కన ఒక మనిషి లేకుండా దిగకూడదు. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుంటే సరిపోదు, చెయ్యి పట్టుకుని లేపగలిగే మనిషి ఉండాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, చలికి వేళ్ళు తెల్లబడిపోయేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా దీని జోలికి రావద్దు.

మొదటి రెండు మునకలు 18 డిగ్రీల్లో, తర్వాతి నాలుగు 15లో. ఒక్కొక్కటి మూడు నిమిషాలకు మించక్కర్లేదు. మెడదాకా మునగాలి, చేతులు నీళ్ళలోనే ఉండాలి. చేతులు పైకెత్తి కూర్చోవడం మామూలుగా కనబడే పొరపాటు. ఐరన్‌మ్యాన్ పేరుతో జరిగే ట్రయథ్లాన్ పోటీల్లో చేతికి నియోప్రీన్ (చలి ఆపే మెత్తటి రబ్బరు) గ్లవ్స్ ఒప్పుకోరు, కాబట్టి చేతులకు ఆ చలి ముందే తెలియాలి. దిగగానే ఊపిరి వదలడం మీద ధ్యాస పెట్టండి. నోటితో పొడుగ్గా వదిలితే, పీల్చడం దానంతటదే జరుగుతుంది. దిగేముందు గబగబా ఊపిరి తీయడం, లోపల ఊపిరి బిగబట్టడం రెండూ ప్రమాదమే. కదలకుండా కూర్చుంటే చర్మం చుట్టూ గోరువెచ్చటి పొర ఏర్పడి చలి తగ్గినట్టనిపిస్తుంది. పోటీలో ఆ పొర ఉండదు, అందుకని కాళ్ళు ఆడిస్తూ ఉండండి.

మూడో మునక నుంచి, ఊపిరి పూర్తిగా నెమ్మదించాక మాత్రమే, గాగుల్స్ పెట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు వదలండి. ఐదేసి సెకన్లు చాలు. ముఖానికి చన్నీళ్ళు తగిలితే గుండె వేగం తగ్గాలని ఒంటికి ఒక ఆదేశం వెళ్తుంది, ఒంటికి తగిలిన చలేమో వేగం పెంచమంటుంది. రెండూ ఒకేసారి వస్తే గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది. అందుకే తొందరపడొద్దని ఇంతగా చెప్పడం.

బయటికొచ్చాక తుడుచుకుని, ముందు పై బట్టలు, తర్వాత కింది బట్టలు, సాక్సులు. వెంటనే వేడినీళ్ళ షవర్ కింద నిలబడితే కళ్ళు తిరగొచ్చు. వేడి టీ తాగి, నడుస్తూ వణుకు తగ్గనివ్వండి.

వెట్‌సూట్‌తో ఒక పరీక్ష

ఆరు మునకలయ్యాక ఈ టబ్బుతో చేయదగ్గ మంచి పని ఇంకొకటుంది. వెట్‌సూట్ (చన్నీళ్ళ ఈతకు ఒంటికి బిగుతుగా వేసుకునే నియోప్రీన్ సూట్) వేసుకుని 15 డిగ్రీల్లో పది నిమిషాలు కూర్చోండి, లేవగానే జిప్పు లాగి, సూట్ విప్పి, సైకిల్ హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింది బకిల్ బిగించండి. వేళ్ళు కొంకర్లు పోయి ఉంటే బకిల్ పడదు. ట్రాన్సిషన్‌లో, అంటే ఈత ముగించి సైకిల్‌కు మారేటప్పుడు, చాలామంది సమయం పోగొట్టుకునేది ఇక్కడే. జిప్పు తాడు చేతికి తగలకపోతే పొడుగు తాడు కట్టుకోవాలని, సాక్సులు ముందే సగం మడిచి పెట్టుకోవాలని ఇంట్లోనే తెలిసిపోతుంది. దిగగానే మెడ దగ్గర సూట్ కాస్త లాగి లోపలికి నీళ్ళు రానివ్వడం కూడా ఇక్కడే అలవాటు చేసుకోండి. ఛాతీ దగ్గర బిగుతుగా ఉంటే సూట్ కిందినుంచి పైకి సరిగా లాగలేదన్నమాట. ముందు గజ్జల దగ్గర ఖాళీ లేకుండా లాగి, ఆ తర్వాతే భుజాలు ఎక్కించాలి. గోళ్ళతో పట్టుకుంటే నియోప్రీన్ చిరుగుతుంది. మెడ ఒరుసుకుపోకుండా వ్యాజలైన్ రాయొద్దు, పెట్రోలియం రబ్బరును పాడుచేస్తుంది.

ఐరన్‌మ్యాన్ నియమాల్లో సూట్ మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. సాధారణ పోటీదారులకు నీళ్ళు 24.5 డిగ్రీల వరకు సూట్ చెల్లుతుంది.

నీళ్ళు

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని కార్లు కడగడానికి, తోటలకు వాడకూడదని చెప్పి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అలాంటి ఊళ్ళో మునకకో టబ్బు పారబోయడం తగదు. సబ్బుతో స్నానం చేసి దిగండి, మూత వేసి ఉంచండి, 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి ఒక గ్రాము మగ్గు నీళ్ళలో విడిగా కలిపి పోయండి. వారం రోజులు అవే నీళ్ళు నడుస్తాయి. మర్నాటికి 20 డిగ్రీలకు ఎక్కినా మళ్ళీ 15కు దించడానికి 12, 13 కిలోల ఐస్ చాలు, అంతకు సరిపడా నీళ్ళు ముందు తీసేయాలి. ఆఖరున టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోండి. క్లోరిన్ తగిలిన వెట్‌సూట్‌ను మంచినీళ్ళతో కడిగి నీడన ఆరేయాలి.

మూత దుమ్ము ఆపడానికే. పిల్లలున్న ఇంట్లో నిండిన టబ్బును తాళం లేని చోట వదలొద్దు.

దీంతో కాని పనులు

అలల్లో దిశ చూసుకుంటూ ఈదడం, పక్కవాళ్ళ చేతులు తగులుతుంటే లయ తప్పకుండా ఉండటం టబ్బులో రావు. బెంగళూరు చెరువుల్లో ఈత మాటే వద్దు. చెన్నైవాళ్ళకు కోవళం వైపు సముద్రముంది, అలలకు అది చక్కటి బడి. తెలిసినవాళ్ళు తోడుంటేనే దిగాలి. కానీ ఆ నీళ్ళు వెచ్చన, అక్కడ వెట్‌సూట్‌తో దూరం ఈదితే ఒళ్ళు వేడెక్కిపోతుంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున, వేడి పెట్టని ఓపెన్ కొలనులో సూట్‌తో ఈదడం దీనికి సరైన జోడీ. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. టబ్బు అలవాటు చేసేది మొదటి తాకిడిని మాత్రమే. గంట దాటి ఈదేటప్పుడు ఒంటి వేడి పడిపోవడాన్ని అది ఆపదు. చలి అంతగా తెలియకపోవడం వల్ల ప్రమాదం ఆలస్యంగా తెలియొచ్చు కూడా. వణుకు ఆగకపోయినా, చేతులు చాపితే వేళ్ళు దగ్గరకు రాకపోయినా, దగ్గు మొదలై ఊపిరి అందకపోయినా చెయ్యెత్తి కాపలా కయాక్‌ను (చిన్న పడవను) పిలవాల్సిందే.

చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) జోడించిన మోడళ్ళు ఈ పనికి దండగ. ధర టబ్బుకు ఎన్నో రెట్లు, చేసేదేమో ఆరు మునకలు. ఆ డబ్బు ఒంటికి సరిపోయే సూట్ మీద పెట్టండి. టబ్బులో మాత్రం మూడు చూసుకోండి: నురుగు పొర మందంగా ఉన్న గోడ, విడిగా దొరికే కుళాయి వాషర్, మీరు మోకాళ్ళు మడిచి కూర్చుంటే మెడదాకా వచ్చే ఎత్తు. ఆరడుగులు దాటినవాళ్ళకు 75 సెంటీమీటర్లవి ఇరుకు, 80 లేదా 90 వెడల్పువి తీసుకోవాలి. వాటికి ఐస్ కూడా ఆ మేరకు పెరుగుతుంది.